ఒడిలో పన్నెండు మెదళ్లు

కరెంటు పోయిన మరుక్షణం కలకత్తా లేక్ మార్కెట్ వెనకాల సందులో ఇళ్లన్నీ ఒక్క గొంతుతో ‘ఆఁ…’ అని నిట్టూర్చాయి. ఆ నిట్టూర్పు ఇంకా గాలిలో ఉండగానే, మేడమీది వాటాలో, జీవరసాయన శాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్న లలితాంబ తగరపు పెట్టెలోంచి పన్నెండు కోడిగుడ్లను ఒక్కొక్కటిగా తడుముతూ తీసి, పాత నేతచీర ముక్కలో మూటగట్టి, ఆ మూటను పొట్టకు అదుముకుని, పైన భర్తగారి ఉన్ని శాలువా కప్పుకుని, మంచం మీద గోడకు చేరబడి పొదుగుకు కూర్చుంది. కూర్చున్నాక, ఈ భంగిమలో కోడికి ఉండే హుందాతనం తనకు లేదని ఆమెకు వెంటనే తెలిసిపోయింది. హుందాతనం మాట అటుంచి, కోడి ఒంటి వేడి మనిషి ఒంటి వేడికన్నా నాలుగు డిగ్రీలు ఎక్కువ; ఈ విషయంలో ప్రకృతి పట్టభద్రులకు ఏ రాయితీ ప్రకటించలేదు. బంగారు పతకం, విదేశీ పత్రికలో అచ్చయిన ఒకటిన్నర వ్యాసం (ఆ సగం వ్యాసంలో ఆమె పేరు అందరికన్నా చివర, చదువరి అలసిపోయి పేజీ తిప్పే చోట ఉంది), అంతర్జాతీయ సదస్సులో ఇచ్చిన ఉపన్యాసం, ఆ ఉపన్యాసానికి మొదటి వరసలో నిద్రపోయిన మహామహులు, ఇవన్నీ కలిపి ఒక పళ్లెంలోనూ, నాటుపెట్ట రొమ్ము కింది గుప్పెడు ఈకలు మరో పళ్లెంలోనూ వేస్తే ముల్లు ఎటు మొగ్గుతుందో ఆమెకు ఈ జనవరి సాయంకాలం అనుభవపూర్వకంగా బోధపడుతోంది. కిటికీ బయట, సందులోని బొగ్గుల పొయ్యిలన్నీ ఒకేసారి రాజుకున్న పొగ మంచుతో కలిసి గడ్డకడుతోంది. చలి కాలివేళ్ల దగ్గర మొదలై మెల్లగా పైకి, రాజధాని మీదికి నడిచే సైన్యంలా, మూటవైపు వస్తోంది.

గుడ్లు రేపు పొద్దుటిదాకా బతకాలి. ఆమె ప్రార్థన అంతే, అంతకు మించి మోక్షం కూడా అక్కరలేదు. బొంబాయి నుంచి సీసపు కుండలో, రాజుగారి కుమార్తెలా కాపలాతో, రేడియోధార్మిక భాస్వరం నిన్ననే విమానంలో దిగింది. ఆ రాకుమారికి ఒకే దుర్గుణం: ఎవరికోసమూ ఆగదు, పక్షం తిరిగేసరికి సగం సత్తువ కరిగిపోతుంది. రేపు పొద్దున్నే దాన్ని గుడ్లలోకి ఎక్కించాలి. ఈ గుడ్లు చస్తే కొత్త గుడ్లు తెచ్చి, పొదిగించి, ఈ వయసుకు తెచ్చేసరికి భాస్వరం ముసలిదవుతుంది. మళ్లీ తెప్పించుకోవాలంటే ఢిల్లీలో ఎవరో సంతకం పెట్టాలి, ఆ ఎవరో సెలవులో ఉంటారు. ఇంతకు మునుపు రెండు దఫాల గుడ్లు తను పనిచేసే ఇన్‌స్టిట్యూటులోని పొదుగు యంత్రంలోనే, ఇలాంటి చీకట్లలోనే, చల్లబడి పోయాయి. ఇవాళ మధ్యాహ్నం అక్కడ కరెంటు పోగానే, ప్రయోగశాలలో ఇరవయ్యేళ్లుగా గాజుసామాను కడుగుతున్న నిమాయ్ దా పత్రికలో కోతల వేళలు చూసి, ‘దీదీ, మీ పేటకు ఈ పూట కోత లేదు, ఇంటికి పట్టుకుపొండి’ అన్నాడు. పత్రికను నమ్మడం ఆ నగరంలో ఒక విధమైన భక్తి. ఆ భక్తితోనే ఆమె టాక్సీలో, ఒడిలో బుట్టతో, ప్రతి గుంతకూ డ్రైవరును ‘ఆస్తే దాదా, ఆస్తే’, మెల్లగా నాయనా అని బతిమాలుతూ వచ్చి, తగరపు పెట్టెలో బల్బు అమర్చి, గిన్నెతో నీళ్లు పెట్టి, థర్మామీటరు గుచ్చి, సరిగ్గా ఒక కప్పు కాఫీ తాగేటంత సేపు విజయగర్వంతో ఉంది.

మూటలో గుడ్లు ఒకదానికొకటి తగిలి చిన్నగా టక్కుమన్నాయి. ఊపిరి కూడా జాగ్రత్తగా పీల్చాలి. పన్నెండు గుడ్లు, అంటే పన్నెండు మెదళ్లు. ఆరు రోజుల పిండాలు, ఒంట్లో సగం తల, తలలో సగం కన్ను. మొట్టమొదట చూసింది ఎం.యస్సీ. చదివేటప్పుడు, చిన్న కత్తెరతో పెంకులో కిటికీ కోసి లోపలికి తొంగిచూస్తే, పచ్చసొన మీద ఎర్రటి చుక్క ఒకటి కొట్టుకుంటోంది, దాని పక్కన రెండు నల్లటి కళ్లు, ఇంకా ఏమీ చూడటం చేతకాని కళ్లు, ఆమెనే చూస్తున్నాయి. అప్పటిదాకా కాలేయపు ఎంజైములతో మర్యాదగా కాపురం చేద్దామనుకున్న పిల్ల ఆ కళ్లముందు చిత్తయిపోయింది. పెళ్లికి ముందు తనకొక ప్రేమ వ్యవహారం ఉండేదని మొదటి రాత్రే భర్త కామేష్‌కు చెప్పేసింది కూడా. బ్యాంకు అధికారి గనక అతను అవతలివాడి ఆస్తిపాస్తులు అడిగి, అది కోడిపిల్ల అని విని, సంతృప్తి చెందాడు. ఇవాళ అతను తనిఖీ మీద ఆసన్సోల్‌లో ఉన్నాడు. అక్కడ కరెంటు ఉండే ఉంటుంది, కరెంటు ఎప్పుడూ భార్య లేని ఊళ్లోనే ఉంటుంది. కరెంటు. ఈ నగరంలో ప్రతి ఇంటికీ తీగ ఉంది, ప్రతి గదికీ బల్బు ఉంది. అయినా ఎక్కడో కూర్చున్న ఒక అదృశ్య మహానుభావుడు ఒక మీట నొక్కితే భవానీపూర్ వెలుగుతుంది, ఇంకోటి నొక్కితే బాలీగంజ్ ఆరిపోతుంది. పిండంలోనూ అంతే కదా. ప్రతి కణంలో అన్ని జన్యువులూ ఉన్నాయి, ఈకవీ, గోటివీ, కంటివీ. మెదడు కణం మెదడుగా మారేది దానిలో ప్రత్యేకంగా ఏదో ఉండటంవల్ల కాదు, ఆ పేటలో ఆ వేళకు ఆ దీపాలు వెలగడంవల్ల. వెలిగిన జన్యువు తన నకలు రాసి బయటికి పంపుతుంది; ఆ నకలులోకి భాస్వరం చేరుతుంది; భాస్వరం చిటపటలాడిన చోట దీపం వెలిగినట్టే. ఆమె పదేళ్లుగా అడుగుతున్నది ఒక్కటే: ఆ మహానుభావుడు ఏ గంటకు ఏ పేటను వెలిగిస్తాడు, ఏ గంటకు మరిచిపోతాడు? మరిచిపోతే ఆ పేట గతి ఏమిటి?

ఎడమ చేతి కింద గుడ్డు చల్లబడినట్టుంది. లేక తన చెయ్యే చల్లబడిందా. ఇంట్లో నిప్పు ఒక్కచోటే ఉంది. ఆ చోటు, భూగోళం మీద గుడ్డు అడుగు పెట్టడానికి వీల్లేని ప్రదేశాల్లో మొదటిది. అది అత్తగారు దుర్గాంబ మడి వంటగది. ఆ గడప దాటిన గుడ్డు చరిత్రలో లేదు. దుర్గాంబ విజయనగరం నుంచి కొడుకుతో ఈ ఊరు వచ్చిన పదిహేనేళ్లలో చుట్టూ వీధి వీధంతా చేపల వాసనతో ఊపిరి పీలుస్తున్నా, ఆ వంటగది మటుకు సముద్రం మధ్య దీపస్తంభంలా నిలబడి ఉంది. పెళ్లిచూపుల్లో ‘అమ్మాయి కణాల మీద పరిశోధన చేస్తుంది’ అన్నారు; ఎవరి కణాలని ఎవరూ అడగలేదు, మర్యాదస్థులు గనక. దుర్గాంబ ఆ మాటను భద్రంగా దాచుకుని, కింది వాటాలో ఉండే బెంగాలీ పెద్దావిడ మాసిమాతోనూ, కోవెలలో కలిసే తెలుగు ముత్తైదువలతోనూ ‘మా కోడలు కణాల్ని చూసుకుంటాది’ అని చెబుతుంది, కణాలంటే తల్లిదండ్రులు లేని పిల్లలేమో అన్నంత దయగా. కోడలు రోజూ ఇంటికి రాగానే తలారా స్నానం చెయ్యడం చూసి మురిసి, ఈ కాలంలో ఇంత ఆచారం ఎక్కడ ఉందని కూడా అంటుంది. ఆ స్నానానికి కారణం ఫార్మలిన్ వాసన అని చెప్పే ధైర్యం లలితాంబకు ఈ ఆరేళ్లలో ఏ రోజూ చాలలేదు.

వంటగదిలోంచి చప్పుడు. ఇత్తడి మూత నేలమీద పడి గిర్రున తిరుగుతోంది, గిర గిర గిర, సన్నబడి, వేగం పెరిగి, ఆగింది. దుర్గాంబ దాన్ని ఎప్పుడూ చేత్తో ఆపదు. కాపురానికి వచ్చిన కొత్తలో లలితాంబ ఇది అత్తగారి చేతి వణుకేమో అనుకుంది. ఢకూరియా చెరువు గట్టున, మొదటి చలికాలంలో, వేరుశనక్కాయలు ఒలుస్తూ కామేష్ చెప్పాడు: తనకు ముందు ఒక అక్క, అమ్మన్నమ్మ. తల చిన్నది. మెడ నిలిచేది కాదు, మాట రాలేదు. ఇత్తడి మూత నేలమీద గిర్రున తిరిగితే మాత్రం పగలబడి నవ్వేది. తొమ్మిదేళ్లు నవ్వి, వెళ్లిపోయింది. ఏడో నెల కడుపుతో ఉండగా, గ్రహణం పట్టిందని ఎవరూ చెప్పక, వంటింట్లో కూర్చుని దుర్గాంబ గుమ్మడికాయ కోసిందట. అందుకే పిల్ల అలా పుట్టిందని ఆ ఇంటి పెద్దలు తీర్పు చెప్పారు. విచారణ లేదు, వకీలు లేడు, అప్పీలు లేదు. అప్పటినుంచి ఆమె ఇంట గుమ్మడికాయ లేదు. కలకత్తాలో గుమ్మడికాయ తప్పించుకు తిరగడం ఎంత కష్టమో తిరిగినవాళ్లకే తెలుసు. ప్రతి బజారులో పసుపు గుట్టలు, ప్రతి కూరలో పసుపు ముక్కలు, మాసిమా పంపే గిన్నెలో వారానికొకసారి అవే. దుర్గాంబ ఆ గిన్నెను మూత తియ్యకుండానే పనిమనిషికి ఇచ్చి, కడిగిన గిన్నెలో పులిహోర పెట్టి కిందికి పంపుతుంది.

శనక్కాయ తొక్కలు చెరువులో తేలుతుండగానే లలితాంబ మనసులో లెక్క పూర్తయింది. మనిషి పిండంలో నాడీకణాలు పుట్టడం ఐదో నెలకే దాదాపు అయిపోతుంది. ఏడో నెల ఎక్కడ. ఆ లెక్క ఆమె ఆ తరవాత విద్యార్థులకు చెప్పింది, సదస్సులో తెర మీద గీతలు గీసి చెప్పింది, ఎవరెవరికో చెప్పింది. గోడకు అవతల మూత తిప్పుకునే ఒక్క మనిషికి తప్ప. ఎలా చెబుతుంది? ఆ పేరు ఈ ఇంట్లో ఎవరూ పలకరు. చెప్పాలంటే ముందు తనకు తెలుసని ఒప్పుకోవాలి. కోడలు, అందులోనూ కడుపు పండని కోడలు, అత్తగారి కడుపు గురించి మాట్లాడటమా. అత్తయ్య మాత్రం తనను ఏ రోజూ ఆ మాట అడగలేదు. ఒక్క రోజు కూడా. పండక్కి వచ్చిన బంధువు ఎవరో అడగబోతే, ‘దానికి బోలెడు పన్లున్నాయి’ అని అడ్డుపడి అతని విస్తట్లో ఇంకో గరిటె పప్పు పోసింది.

తలుపు దగ్గర వెలుగు. లాంతరు, దాని వెనక దుర్గాంబ. అత్తగారు గదిలోకి వస్తే లలితాంబ లేచి నిలబడుతుంది, ఎప్పుడూ, ఇవాళ లేవలేదు. కాళ్లు చాపి, శాలువా కప్పుకుని, రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని అలాగే ఉండిపోయింది. లాంతరు పైకి లేచింది. చేతులమీద ఒకసారి, ముఖంమీద ఒకసారి, మళ్లీ చేతులమీద ఆగింది. ఆ వెలుగు వెనక ముసలి ముఖంలో ఏదో నెమ్మదిగా విప్పారుతోంది.

“ఏటే లలితా, ఎన్నాళ్లయిందే?”

“ఆరు రోజులండీ” అంది లలితాంబ, ధ్యాసంతా మూటలో ఉండి.

“ఆరు రోజులకే తెలిసిపోతాదేటి!” దుర్గాంబ లాంతరు కింద పెట్టేసింది. “చదూకున్నవాళ్లకి అన్నీ ముందే తెలుస్తాయి కాబోలు. కదలకు, కదలకమ్మా. ఈ చలేటి, ఈ చీకటేటి, చెప్పొద్దూ నాకు? వాడికి తెలుసా? తెలీదు, వాడికేం తెలుస్తాది, ఆసన్సోల్లో కూచుని.”

మెదడు అనే మహాయంత్రం, కోటానుకోట్ల కణాలతో సృష్టిలోకెల్లా అద్భుతమైనదని లలితాంబ స్వయంగా అచ్చువేయించిన యంత్రం, అప్పుడు పనిచెయ్యడం మానేసింది. కాదండీ, అనాలి. అనబోయింది. అంతలో దుర్గాంబ వెళ్లిపోయి, తిరిగి వచ్చింది, చేతుల్లో కుంపటి. మడి వంటగదిలోంచి, పదిహేనేళ్లలో మొదటిసారి గడప దాటిన కుంపటి, నిండా ఎర్రటి కణకణలాడే బొగ్గులతో. మంచం పక్కన పెట్టి, కిటికీ రెక్క వేలెడు తెరిచి, కొంగుతో విసిరింది. వేడి వచ్చి శాలువాను, మూటను, పొట్టను తాకింది, గుడ్లు బతికాయి. కాదండీ అన్న మాట నాలుక చివర కూర్చుని, కొంచెం సేపు, ఇంకొంచెం సేపు, ఈ గుడ్లు వెచ్చబడేదాకా, అని తనలో తానే వాయిదా అడిగింది. విజ్ఞానశాస్త్రంకోసం సత్యాన్ని కాసేపు తాకట్టు పెట్టిన తొలి మనిషి తను కాదులే అని సర్దిచెప్పుకుంది. ఆ సమాధానం ఎంత నీచంగా ఉందో కూడా అప్పుడే గమనించింది. దుర్గాంబ ఆమె పాదాలు తన ఒళ్లో పెట్టుకుని రుద్దుతోంది. అత్తగారు కోడలి పాదాలు రుద్దడం! ‘వొద్దండీ, వొద్దండీ’ అన్నా వదలలేదు. “ఊరుకో. చీకట్లో కదలకూడదు. కదలొద్దని నాకెవరూ చెప్పలేదు, నేను నీకు చెప్తన్నాను” అంది, అలవోకగా, బొగ్గులవైపు చూస్తూ. ఇన్నేళ్ల మౌనంలోంచి జారిన మొదటి మాట అదే.

“అత్తయ్యా, కాదండీ. అది కాదు.”

“ఏది కాదు?” అంటూనే దుర్గాంబ ఆశీర్వదించినట్టు చెయ్యి చాచి శాలువా మీంచి పొట్ట తాకింది. చెయ్యి ఆగింది. ఒకటి తడిమింది. పక్కన ఇంకొకటి. ఆ పక్కన మరొకటి. వేళ్లు ప్రతి గుండ్రం మీదా నిలిచి నిలిచి, లాంతరు వెలుగులో ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

“ఓసి నీ దుంపతెగ, ఇన్నేటే!”

నవ్వాలో ఏడవాలో తెలియక లలితాంబ రెండూ చేసింది. శాలువా తీసింది. మూట విప్పింది. తెల్లగా, ఒక్కొక్కదానిమీద పెన్సిలు గుర్తుతో, పన్నెండు.

దుర్గాంబ కుంపటివైపు చూసింది, గుడ్లవైపు చూసింది, వంటగది గడపవైపు చూసింది. ఆ మూడింటి మధ్య ఏ ధర్మశాస్త్రం వర్తిస్తుందో వెతుకుతున్నట్టుంది.

“ఇవేనా నీ కణాలు?”

“అవునండీ. లోపల ఉన్నాయి.”

“రోజూ వచ్చి గంగాళం నీళ్లు గుమ్మరించుకుంటే ఏదో ఉందని తెలుసులే. చేపలనుకున్నాను.” మళ్లీ మూటవైపు చూసి, “బతికున్నాయా?”

లలితాంబ దిండు కిందనుంచి టార్చి తీసింది. లాంతరు వత్తి తగ్గించమంది. చీకటి ఇంత మేలు చేస్తుందని పదేళ్లలో ఆమె అనుకోలేదు. గుడ్డు వెనక టార్చి ఆనించగానే పెంకు మొత్తం నారింజ రంగు దీపమైంది. లోపల ఎర్రటి రక్తనాళాలు ఏటి పాయల్లా పరుచుకున్నాయి, వాటి మధ్య నల్లటి చుక్క, ఆ చుక్క ఉన్నట్టుండి ఒక్కసారి ఊగింది. దుర్గాంబ వెనక్కి జరిగి, మళ్లీ ముందుకు వంగింది.

“కన్ను” అంది లలితాంబ. “దాని వెనక మెదడు.”

“పిల్లలౌతాయా?”

ఇక్కడ అబద్ధం చెప్పడం తేలిక. ఇప్పటికే ఒకటి కుంపటి దగ్గర వెచ్చగా కూర్చుని ఉంది. “అవవండీ. రేపు వీటి మెదడు తీస్తాను.”

“మరింక ఇవాళ బతికించడం దేనికే?”

“ఎప్పుడో తెలుసుకోడానికి. మెదడులో ఏ గంటకి ఏది మేలుకుంటుందో, ఏది మేలుకోకుండా ఉండిపోతుందో. పిల్ల…” ఆగింది. ఇంకా ఆగితే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది. “పిల్ల తల ఎందుకు చిన్నదవుతుందో, మాట ఎందుకు రాదో. ఎందుకో నాకూ తెలీదు అత్తయ్యా, ఎవరికీ తెలీదు. ఎప్పుడో మాత్రం తెలుసు. మనిషికి మెదడు కణాలు పుట్టడం ఐదో నెలకే అయిపోతుంది. మీరు గుమ్మడికాయ కోసింది ఏడో నెల.”

బొగ్గు ఒకటి చిట్లి రవ్వ లేచింది. కింది వాటాలో ఎవరో దేనికో నవ్వారు. దుర్గాంబ ముఖం లాంతరుకు అవతల ఉంది, కనిపించడం లేదు. ఏడు, ఐదు అని వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటోందా, లేక చేతులు అలా ఒళ్లో పెట్టుకుందా, అదీ తెలియడం లేదు. నేనెవర్ని చెప్పడానికి, అనుకుంది లలితాంబ. ముప్ఫై ఏళ్ల పైబడ్డ శిక్షను ఒక్క అంకెతో కొట్టేస్తే ఆ శిక్షతోపాటు ఆ ముప్ఫై ఏళ్లూ ఎక్కడికి పోతాయి. చెప్పకుండా ఉండాల్సింది. ముందే చెప్పాల్సింది. రెండూ నిజమే, ఒకే కణంలో రెండు దీపాలు.

“ముందే అయిపోయిందా” అంది దుర్గాంబ. అడిగినట్టు లేదు.

“ముందే.”

దుర్గాంబ ముందుకు వంగి, మూటలో ఒక గుడ్డును రెండు వేళ్లతో పట్టుకుని, పెన్సిలు గుర్తు కిందికి వచ్చేలా తిప్పింది. తరవాతదాన్ని తిప్పింది. “పెట్ట ఇల్లాగే తిప్పుతాది, ఒకే పక్కన వేడి తగిలితే పాడైపోతాయి” అని, గుర్తు ఉన్నది ఆ పనికేనని లలితాంబ చెప్పబోతే వినకుండా, పన్నెండూ తిప్పింది. తిప్పుతున్నంతసేపూ పెదవులు కదులుతున్నాయి. జపమో, ఒక పేరో, చీకట్లో ఎవరికి తెలుస్తుంది. మడి గురించి ఒక్క మాట: “ఎల్లాగూ తానం చెయ్యాలి. ఈ చలిలో నువ్వే నీళ్లు కాచాలి.”

అప్పుడు వచ్చింది కరెంటు. సందు సందంతా, మేడలు, కిటికీలు, రోడ్డుమీది పిల్లలు, మాసిమాతో సహా, ‘ఎషే గెఛే! ఎషే గెఛే!’ అని, స్వాతంత్ర్యం వచ్చినప్పుడు కూడా అంత గట్టిగా అరిచి ఉండరు, వచ్చేసింది వచ్చేసింది అని అరిచారు. పెట్టెలో బల్బు వెలిగింది. లలితాంబ గుడ్లు ఒక్కొక్కటిగా అందిస్తుంటే దుర్గాంబ పెట్టెలో పేర్చింది. థర్మామీటరులో పాదరసం కదిలింది, పైకి. వెలుతురులో ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు; అంత వెలుతురు ఇంకా అలవాటు కాలేదు.

దుర్గాంబ కుంపటి ఎత్తుకుని గడప దగ్గర నిలబడింది, వెనక్కి తిరక్కుండానే.

“లలితా, రేపు వచ్చేటప్పుడు బజార్లో గుమ్మడికాయ తే.”

“అలాగేనండీ. ఇక్కడ ముక్కలు కోసి అమ్ముతారు, ఒక ముక్క…”

“ముక్కేటే? కాయ తే. నేను కోస్తాను.”